మూడు షిఫ్టుల బూట్లు

రొయ్యలు ఒలిచే ఆ కంపెనీలో, సోమవారం పొద్దున్న షిఫ్టుకి పోయే ఆడవాళ్ళు ముందొక గది దాటాలి. కిటికీ లేని గది. దాంట్లోంచి రెండు దారులు: ఒకటి షెడ్డులోకి, రెండోది వీధిలోకి. దాన్ని చేతులు చూసే గది అనేవాళ్ళు. గౌను మోచేతుల పైకి మడవాలి, చేతులు చాచాలి, తిప్పాలి, మెడ మీది గుడ్డ తీయాలి. చూసేది అద్దాలక్క.

అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. ఆ షిఫ్టులో కళ్ళజోడున్నది ఆమె ఒక్కతే. జోడుంది కాబట్టి బాగా కనపడుతుందని, నాలుగేళ్ళ కింద మేనేజరు ఆమెను ఒలిచే బల్ల దగ్గర నుంచి లేపి అక్కడ నిలబెట్టాడు. కళ్ళు సరిగా కనపడకే కదయ్యా జోడు పెట్టుకునేది అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎర్రగా, గుండ్రంగా, అంచున పొట్టు లేచిన మచ్చ కనపడితే ఆమె ఒక్క మాట అనాలి. "పక్కకి." అంతే. ఆ మనిషి వీధి తలుపులోంచి బయటికి. మళ్ళీ పని లేదు.

ఆ సోమవారం మేనేజరు స్వయంగా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. నెల రోజుల్లో సరుకు కొనే కంపెనీ మనుషులు తనిఖీకి వస్తున్నారు. వరసలో పొడుగామె వంతు వచ్చింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. అద్దాలక్క లోపలికి పొమ్మని తలూపింది. మేనేజరు చెయ్యి చాచి పొడుగామె మెడ మీది గుడ్డ లాగేశాడు. చెవి కింద నుంచి భుజం దాకా, గీత గీసినట్టు, తామర.

"ఇదేంటి?"

"కనపళ్ళేదు సార్," అంది అద్దాలక్క.

"కనపళ్ళేదా? చూసీ చూడనట్టు ఊరుకున్నావా?"

పొడుగామె తల దించలేదు. "ఆమెనెందుకు అంటారు సార్? ఇది మీ బూట్లిచ్చిన జబ్బు. కాలికొచ్చింది, నడుముకి పాకింది, మెడకెక్కింది. పదకొండేళ్ళు మీ నీళ్ళలో నిలబడ్డాను."

"బూట్లు శుభ్రంగానే ఉన్నాయి. శుభ్రం లేనివి మీ ఇళ్ళు. ఒళ్ళు తోముకోవడం రాదు గానీ మాటలకేం తక్కువ లేదు." ఆయన అద్దాలక్క వైపు తిరిగాడు. "ఏం, నోరు పడిపోయిందా? అను."

అద్దాలక్క అంది. "పక్కకి."

పొడుగామె గుడ్డ తీసుకుని మెడకి చుట్టుకుంది. పోతూ పోతూ ఆగి, చిన్నగా అడిగింది. "నీకు లేదా అక్కా?"

వెనక ఉన్నవాళ్ళెవరూ కిక్కురుమనలేదు. ఆ మౌనం చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, వాళ్ళని అనేదేముంది? ప్రతివాళ్ళకీ గౌను కింద ఎక్కడో ఒకచోట ఉంది. అద్దాలక్కకి నడుం చుట్టూ ఉంది, లంగా బొందు బిగించే చోట. ఆ క్షణంలో అది భగ్గున మండింది. గోక్కోకుండా పళ్ళు బిగబట్టి తర్వాతి మనిషి చేతులు పట్టుకుంది.

ఇక బూట్ల సంగతి వినండి. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, నాలుగు వందల జతలు. షిఫ్టులు మూడు. ఒక షిఫ్టు వాళ్ళు విప్పి మేకులకి తగిలించి ఒక తలుపులోంచి పోతారు, ఇంకో షిఫ్టు వాళ్ళు మరో తలుపులోంచి వచ్చి అవే తొడుక్కుంటారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. లోపలి చెమ్మ ఆరేది ఎప్పుడు? ఏడాదిలో ఒక్క రోజు కూడా ఆ బూట్లు పొడిగా ఉన్నది ఎవరూ ఎరగరు. కాలు పెడితే, అవతలి మనిషి కాలి వెచ్చదనం ఇంకా తగిలేది.

దురదకి మందు కంపెనీయే ఇచ్చేది. కాంపౌండరు గది కిటికీలో చెయ్యి పెడితే చాలు, ఒక తెల్ల ట్యూబు పడేది. ఇంకేదీ ఉచితంగా ఇచ్చిన పాపాన పోని కంపెనీ దీన్ని మాత్రం పెట్టెలకి పెట్టెలు తెప్పించేది. ఎందుకో ఎవరూ అడగలేదు. రాస్తే గంటలో దురద పోయేది, రెండు రోజుల్లో ఎరుపు పోయేది. వారం తిరిగేసరికి పక్కనే ఇంకో రెండు మచ్చలు లేచేవి. మళ్ళీ రాసేవాళ్ళు. ఆదివారం సాయంత్రం ఆ వాడలో ఏ ఇంట్లో చూసినా ఒకరి వీపుకి ఒకరు ట్యూబు రాసుకుంటూ కనపడేవాళ్ళు. పనిలో కొత్తగా చేరిన పిల్లలకి పెద్దవాళ్ళు ప్రేమగా చెప్పే మొదటి మాట అదే: "ఆదివారం రాసుకోవడం మర్చిపోకే. పొద్దున చేతులు చూస్తారు."

అద్దాలక్కకి ఒక చెల్లెలుంది. అందరూ చిన్నది అంటారు. ముప్పై దాటినా చిన్నదే. ఇద్దరిదీ ఒకే గది, ఒకే మంచం, ఒకే షిఫ్టు. చిన్నదాని నోరు మంచిది కాదు. మేనేజరు నడక నుంచి కాంపౌండరు ముక్కు దాకా అందరినీ అనుకరించి బల్ల బల్లంతా నవ్వించేది. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చిన్నది కెవ్వుమంది. కాలివేళ్ళ సందులు తెల్లగా నాని, చిటికెన వేలు దగ్గర లోపలికంటా చీలిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఏమో. ట్యూబు రాస్తూనే ఉన్నాగా. ఊరుకో అక్కా, నా కాళ్ళు చూసి రొయ్యలు కూడా మొహం తిప్పుకుంటున్నాయి."

అద్దాలక్క నవ్వలేదు. పొడుగామె అడిగిన మాట ఆమెను తొలుస్తోంది. మర్నాడు షిఫ్టు దిగగానే చెల్లెల్ని రెక్క పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది.

చర్మం జబ్బులు చూసే డాక్టరమ్మది మెట్ల కింద చిన్న గది. ఆమె చిన్నదాని కాలు స్టూలు మీద పెట్టించి, దీపం దగ్గరికి జరిపి, మొద్దు బ్లేడుతో మచ్చ అంచున గీకింది. రాలిన పొట్టుని గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు వేసి, కాసేపు ఆగి మైక్రోస్కోపులో చూసింది. పలకని అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఏమీ దొరకట్లేదు. దీనికేం రాస్తున్నారమ్మా?"

"ఏం లేదండీ," అంది చిన్నది, కళ్ళార్పకుండా.

అద్దాలక్క ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ దాని మీది సన్నటి అక్షరాలు చదివింది. చదువుతుంటే ఆమె మొహం మారింది.

"మూడు మందులు ఒకదాంట్లో కలిపి కొట్టారు. మీ జబ్బు ఫంగస్, అంటే తడిలో పెరిగే బూజు లాంటిది. ఒక మందు దాన్ని కొంచెం అణుస్తుంది, చంపదు. అందుకే నాకు పలక మీద దొరకలేదు. ఇంకోటి మీకు అక్కర్లేనే అక్కర్లేదు. మూడోది స్టెరాయిడ్. అది జబ్బుని ముట్టుకోదు, దురదని నొక్కేస్తుంది, ఎరుపుని చెరిపేస్తుంది. జబ్బుతో పోరాడే శక్తిని నిద్రపుచ్చుతుంది. లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. ఏళ్ళ తరబడి రాస్తే తోలు పల్చబడి చీలిపోతుంది."

"అంటే ఇన్నాళ్ళూ దానికి అన్నం పెట్టి పెంచుతున్నామన్న మాట," అంది చిన్నది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. రోజూ వేసుకోవాలి, నెలన్నర, తగ్గిందనిపించినా ఆపకూడదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వైద్యం చేయాలి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. "ఇవన్నీ చేసి మళ్ళీ ఆ బూట్లలో కాలు పెడితే నేను చేసింది దండగ. ఎవరి బూట్లు వాళ్ళకుండాలి, ఆరినవి ఉండాలి."

"ఈ జబ్బు పని వల్లే వచ్చిందని ఒక కాగితం రాసివ్వండి డాక్టరమ్మా," అంది అద్దాలక్క.

"పలక మీద కనపడితే రాస్తాను. రెండు మూడు వారాలు ట్యూబు పూర్తిగా మానేసి రండి. మానేస్తే మొదట రెచ్చిపోతుంది, నిప్పులు పోసినట్టుంటుంది, మచ్చలన్నీ బయటపడతాయి. కానీ ఒక్కళ్ళ కాగితం చూపిస్తే, అది వాళ్ళింటి మురికి అంటారు." ఆమె చిన్నదాని కాలు మళ్ళీ ఒకసారి చూసింది. "ఇంకో సంగతి. ఈ చీలికలోంచి వేరే క్రిములు లోపలికి పోతాయి. కాలు ఎర్రబడ్డా, వేడెక్కినా, జ్వరం తగిలినా ఆ రోజే రండి. ఒక్క రోజు కూడా ఆగొద్దు."

మందుల కిటికీ దగ్గర ఆ మాత్రలు లేవు. వచ్చే నెల వస్తాయన్నారు.

దారి పొడుగునా అద్దాలక్క అదే లెక్కేసుకుంటూ నడిచింది. జబ్బు తెలియాలంటే మచ్చ కనపడాలి. మచ్చ కనపడితే పని పోతుంది. ఎంత చక్కగా అల్లారు! గది గుమ్మంలో చెప్పులు విడుస్తూ చెల్లెలితో అంది. "ఒక్కళ్ళకుంటే ఇంటి మురికి. నాలుగు వందల మందికుంటే?"

మర్నాడు మధ్యాహ్నం తిండికిచ్చే అరగంటలో బూట్ల గదిలో మీటింగు పెట్టారు. నిలబడటానికి చోటు లేదు. ఐసు పగలగొట్టే ముసలాయన, ఐసు తాత, తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. అద్దాలక్క విన్నదంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"నువ్వా మాకు చెప్పేది? నలభై మందిని బయటికి తోసిన చెయ్యి నీది!" అని ఒకామె మీదికొచ్చింది.

"నలభై మూడు మందిని," అంది అద్దాలక్క. "మొన్నటి పొడుగామెతో కలిపి."

మీదికొచ్చినామె వెనక్కి తగ్గింది.

"అయితే ఇంత గొడవెందుకక్కా?" అంది ఒక పిల్ల. "చూసేది నువ్వే కదా. నువ్వు చూడనట్టు వదిలేస్తే మా పనులు మాకుంటాయి, కథ కంచికి పోతుంది."

"నేను వదిలేస్తాను. మీ కాళ్ళనది వదులుతుందా? మీ పిల్లల్ని వదులుతుందా? పక్కలో పడుకోబెట్టుకుంటున్నారు కదే!"

ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. తన చంటిబిడ్డకి కూడా ట్యూబు రాస్తున్నానని, తలంతా పాకిందని చెబుతోంది. ఐసు తాత తలుపు దగ్గర నుంచి గొంతెత్తాడు. "అమ్మాయ్, నేను రెండు సమ్మెలు చూశాను. రెంటిలోనూ మేం పని మానేశాం, వాళ్ళు వేరేవాళ్ళని తెచ్చుకున్నారు. మీరు పని మానొద్దు. మందు మానండి. ఒకే రోజున, అందరూ. ఎవరి మచ్చ వాళ్ళే దాచుకున్నంత కాలం వాడికి మనం ఒక్కొక్కళ్ళం. తనిఖీ వాళ్ళొచ్చే సోమవారం నాలుగు వందల జతల చేతులు ఒకేసారి చాస్తే ఎవర్ని తోస్తాడో చూద్దాం."

"చూద్దాం!" అంది చిన్నది. మేనేజరు గొంతుతో, ముక్కుతో మాట్లాడుతూ, "ఎవర్రా ఇక్కడ గోక్కుంటున్నది?" అంది. గదంతా గొల్లున నవ్వింది. భయపడేవాళ్ళు కూడా నవ్వాక, ఆ నిర్ణయం అయిపోయినట్టే అయింది.

తర్వాతి సోమవారానికి తనిఖీ ఇంకా మూడు వారాలుంది. ఆ సోమవారం నుంచి ట్యూబు మానేశారు.

మొదటి వారం నరకం. చేతులు రొయ్యల్లో, ఒళ్ళు మంటల్లో. గోక్కుంటే మేస్త్రీ చూస్తాడని మోచేతులు బల్ల అంచుకి రాసుకునేవాళ్ళు. రాత్రులు నిద్రల్లేవు. ఒకామె వీపుని గోడకేసి రుద్దుకుని రక్తం కార్చుకుంది. కాంపౌండరు కిటికీ దగ్గరికి ఒక్కరూ పోలేదు. పెట్టెలు అలాగే ఉండిపోవడం చూసి వాడు మేనేజరుకి కబురు మోశాడు. తర్వాతి రెండు సోమవారాలూ అద్దాలక్క చేతులు చూసింది, ఒక్క "పక్కకి" కూడా అనలేదు. పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కుని, మెడలకి గుడ్డలు బిగించి అందరూ లోపలికి పోయారు. కానీ మేనేజరు ఏమీ అనకుండా దూరం నుంచి చూస్తూ ఉండేవాడు. ఆయన అరిచిన రోజుల్లో కంటే ఇప్పుడే ఎక్కువ భయమేసేది.

మూడో వారం బుధవారం సాయంత్రం చిన్నది కాలు చూపించింది. పాదం ఉబ్బింది. మడమ నుంచి పైకి ఎర్రటి చార. ముట్టుకుంటే వేడి.

"ఆసుపత్రికి పోదామా అక్కా?"

ఇక్కడ నేను దాచేది లేదు, అద్దాలక్కా దాచలేదు. రేపు పనికి పోకపోతే కాంపౌండరు ఇంటికొస్తాడు. వాడు కాలు చూస్తే అంతా బయటపడుతుంది. ఒక్కళ్ళు బయటపడితే మిగతావాళ్ళు బెదిరి మళ్ళీ రాయడం మొదలుపెడతారు. ఇన్నాళ్ళూ పడ్డ బాధంతా గంగలో కలుస్తుంది. ఇవన్నీ లెక్కేసుకుని అద్దాలక్క అంది. "వారం ముగియనీవే. రెండు రోజులేగా. శనివారం మన షిఫ్టుకి సెలవు, పొద్దున్నే పోదాం."

చిన్నది సరేనంది. రెండు రోజులు ఆ బూట్లలోనే నిలబడింది. శుక్రవారం మధ్యాహ్నం బల్ల దగ్గర పళ్ళు టకటకలాడుతుంటే, ఐసు తాత తన ఐసు బండి మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తోసుకెళ్ళాడు. కాలు మోకాలి దాకా నల్లబడింది. డాక్టరమ్మ ఏమీ అడగలేదు. అద్దాలక్క మొహం చూసి, అడగాల్సింది లేదనుకుందేమో. విషం రక్తంలోకి పోయిందని మాత్రం చెప్పింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి చిన్నది చచ్చిపోయింది. ఆఖర్న అక్కతో ఒక మాటంది. "ఒసే, సోమవారం నా చేతులు ఎవరు చూస్తారే?" అది వేళాకోళమో, జ్వరంలో సంధి మాటో తెలియలేదు.

ఆదివారం, చిన్నదాన్ని మట్టిలో పెట్టి ఇంకా వాకిట్లోకి రాకముందే, కాంపౌండరు వాడలో ఇల్లిల్లూ తిరిగాడు. సంచినిండా ట్యూబులు. "చూశారా? మందు మానేస్తే ఏమైందో చూశారా? సొంత అక్కే చంపుకుంది. రాసుకోండమ్మా, పిల్లలు గలవాళ్ళు. రేపు ఎవరి ఒంటి మీదా మచ్చ కనపడకపోతే జరిగిందంతా మర్చిపోతామని సార్ చెప్పమన్నారు."

జనం వాకిట్లో పోగయ్యారు. కొందరి చేతుల్లో ట్యూబులున్నాయి. మూత తీయలేదు గానీ పారేయనూ లేదు. అద్దాలక్క గడపలో కూర్చుని ఉంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పక్కా," అంది చంటిబిడ్డ తల్లి. "వాడన్నది నిజమేనా? మందు మానేసినందుకే పోయిందా?"

పొడుగామె అడ్డం రాబోయింది. "ఇప్పుడా అడిగేది? శవం పోయి గంట కాలేదు."

"అడగనీ," అంది అద్దాలక్క. లేచి నిలబడింది. ఆమె గొంతు వాకిలంతా వినపడింది. "కాలు ఎర్రబడితే ఆ రోజే రమ్మంది డాక్టరమ్మ. నేను రెండు రోజులు ఆపాను. మనం అనుకున్నది చెడిపోతుందని ఆపాను. ఆ తప్పు నాది. ఎవరూ పంచుకోవద్దు, నేను చచ్చేదాకా మోస్తాను. కానీ వినండి. ఆ వేళ్ళ సందు చీలింది నిన్నా మొన్నా కాదు. మూడు షిఫ్టుల తడిలో నానితే చీలింది. ఏడేళ్ళు ట్యూబు రాస్తే తోలు పల్చబడి చీలింది. చీలిక ఉందని చిన్నది ఎవరికీ చెప్పలేదు, ఎందుకు? చెబితే నేను పక్కకి అంటానని! నా చెల్లెలు నాకే భయపడి దాచుకుంది. ఇప్పుడు మీలో ఎవరి కాళ్ళు చీలి ఉన్నాయో చెప్పండి. ఒక్కళ్ళు కూడా ఆగొద్దు. జ్వరం ఉన్నవాళ్ళు ఈ పూటే ఆసుపత్రికి. మిగతావాళ్ళం రేపు."

వెనక నుంచి ఒక పెద్దామె వచ్చి, చెప్పు విడిచి, కాలు ముందుకి పెట్టింది. తర్వాత ఇంకొకామె. ఆ సాయంత్రం పదకొండు మంది కాళ్ళు బయటపడ్డాయి. ఇద్దరికి అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది. వాళ్ళని ఐసు తాత బండి మీదే తోసుకెళ్ళారు. వాళ్ళిద్దరూ బతికారు.

సోమవారం పొద్దున. చేతులు చూసే గదిలో మేనేజరు, ఆయన పక్కన కొనే కంపెనీ మనుషులిద్దరు, తెల్ల కోట్లతో, చేతుల్లో కాగితాల అట్టలతో. వరసలో అందరికంటే ముందు పొడుగామె, పని పోయిన మనిషి. జాకెట్టు చేతులు భుజాల దాకా మడిచింది. మెడ మీద గుడ్డ లేదు. ఆమె వెనక, గేటు దాటి వీధి మలుపు దాకా, నాలుగు వందల మంది అలాగే ఉన్నారు.

అద్దాలక్క పొడుగామె చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "ఉంది," అంది గట్టిగా. లోపలికి పంపింది. తర్వాతి మనిషి. "ఉంది." తర్వాతి మనిషి. "ఉంది." తెల్లకోటాయన రాసుకోవడం మొదలుపెట్టాడు.

"పక్కకి అనవే!" మేనేజరు అరిచాడు.

"పక్కన అంత చోటెక్కడుంది సార్?" అంది అద్దాలక్క. నడుం మీద లంగా బొందు కొంచెం కిందికి జరిపింది. ఎర్రటి వడ్డాణంలా ఒంటి చుట్టూ మచ్చ. "నాక్కూడా ఉంది. నాలుగేళ్ళుగా ఉంది. నన్నెవరూ చూడలేదు."

మేనేజరు తెల్లకోట్ల వైపు తిరిగి నవ్వబోయాడు. "ఇదంతా వీళ్ళ ఇళ్ళ దగ్గర నుంచి తెచ్చుకున్నది. మా బూట్లు, గౌన్లు అన్నీ పరిశుభ్రం. కావాలంటే చూడండి."

ఐసు తాత అప్పటికే బూట్ల గదిలోకి పోయి వచ్చాడు. చేతిలో రాత్రి షిఫ్టు వాళ్ళు అప్పుడే విప్పిన జత. తెచ్చి మేనేజరు పాదాల ముందు పెట్టాడు. "పరిశుభ్రమే కదండీ. ఒక్కసారి తొడుక్కుని చూపించండి."

బూట్లలోంచి వాసనొస్తోంది. మేనేజరు వాటి వైపు చూశాడు. తర్వాత, వరసలో వాళ్ళు చూస్తుండగా, ఒక అడుగు వెనక్కి వేశాడు. తెల్లకోటాయన రాయడం ఆపి ఆయన కాళ్ళ వైపు చూసి, మళ్ళీ రాశాడు.

పోలీసులకి ఫోను పోయింది. కానీ వాళ్ళొచ్చేసరికి గేటు ముందు ఎవరూ లేరు. కేకలు లేవు, రాళ్ళు లేవు. ఆడవాళ్ళు, లోపలికి పోయినవాళ్ళతో సహా, ఇద్దరిద్దరుగా నడుచుకుంటూ ఆసుపత్రికి పోయారు. దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. అన్ని చేతులు, అన్ని మెడలు, అన్నిటి మీదా ఎర్రటి గుండ్రాలు, ఎవరూ కప్పుకోలేదు.

మెట్ల కింద గది తలుపు తెరిచి ఉంది. పెద్ద డాక్టరు ఫోను చేసి ఆపమంటున్నాడని నర్సు వచ్చి చెప్పింది. "చేతికి గ్లౌజులున్నాయి, ఫోను పట్టుకోవడం కుదరదని చెప్పు," అంది డాక్టరమ్మ. "మొదట ఎవరు?"

మొదట అద్దాలక్క. బ్లేడు నడుం మీద గీకింది. పొట్టు పలక మీద పడింది. మందు చుక్క వేసి ఎదురుచూస్తుండగా ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు, వెంట ఒక ఆడ కానిస్టేబులు.

"అద్దాలక్కంటే నువ్వేనా? చెల్లెలికి వైద్యం అందకుండా ఆపి, చావుకి కారణమయ్యావని కంపెనీ ఫిర్యాదు. నిన్న వాకిట్లో నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావట. రెండు రోజులు ఆపానని."

కాంపౌండరు ఆదివారం జనంలో కలిసిపోయి విన్నాడన్న మాట.

"ఒప్పుకున్నాను," అంది అద్దాలక్క. "మళ్ళీ ఒప్పుకుంటాను, రాసుకోండి. రెండు రోజులు నేనాపాను. ఏడేళ్ళు వాళ్ళాపారు. అది కూడా అదే కాగితం మీద రాయండి."

ఇన్‌స్పెక్టరు రాయలేదు. కానిస్టేబులు ఆమె చెయ్యి పట్టుకోబోయి, మోచేతికి కొత్తగా పాకిన మచ్చ చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పర్లేదమ్మా, నేనే నడుస్తాను," అంది అద్దాలక్క. కానిస్టేబులు బూట్ల వైపు చూసింది. "నువ్వు కూడా రోజంతా అవి విప్పవు కదా. వేళ్ళ సందులు చూసుకుంటూ ఉండు."

డాక్టరమ్మ మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తింది. "ఉందమ్మా. దారాలు దారాలుగా, స్పష్టంగా ఉంది. కాగితం రాస్తున్నాను." అద్దాలక్కకి చూడాలనిపించింది. ఒక కన్ను మూసి వంగి చూసింది. కొమ్మలు వేసిన సన్నటి గీతలు. చెల్లెల్ని తిన్నది ఇంత చిన్నదా అనుకుంది. ఆమె ఏడ్చింది అప్పుడే, శనివారం తర్వాత మొదటిసారి.

వ్యానుకి వెనక జాలీ ఉంది. ఆమెను ఎక్కించి తలుపు వేశారు. బయట పొడుగామె జాలీ పట్టుకుని, "ఎవరం కదలం అక్కా, అందరి పలకలూ అయ్యేదాకా ఇక్కడే," అంటోంది. గదిలో నుంచి డాక్టరమ్మ గొంతు తర్వాతి వాళ్ళని పిలుస్తోంది. ఇంజను స్టార్టు చేశారు. వ్యాను గేటు దగ్గర ఆగిపోయింది.

ఎదురుగా రోడ్డు నిండా ఆడవాళ్ళు. అద్దాలక్క జాలీకి మొహం ఆనించి చూసింది. ఒక్క మొహమూ తెలిసింది కాదు. తమ వాడ వాళ్ళు కాదు, తమ షిఫ్టు వాళ్ళు కాదు. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు, వాళ్ళు తప్పుకోవట్లేదు. అందరూ ఉత్త కాళ్ళతో ఉన్నారు. బూట్లు మేకులకే వదిలేసి వచ్చారు. తెల్లగా నాని, చీలి, తోలు ఊడిన పాదాలు. అవి మాత్రం ఆమెకి బాగా తెలుసు. రోజూ వాటి వెచ్చదనంలోనే తన కాలు పెట్టింది.

వాళ్ళలో ముందున్న ఒకామె వ్యాను పక్కగా వచ్చి, లోపల ఎవరున్నారో తెలియకుండానే, జాలీలోంచి అడిగింది.

"అమ్మా, గీకించుకునే లైను చివర ఎక్కడ?"